సాదా అద్దం

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో
నా దుకాణానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు.
దేవుళ్ళకి ఫ్రేము కట్టించేవాళ్ళు,
పోయినవాళ్ళకి కట్టించేవాళ్ళు.
పెంచలమ్మ మూడో రకం.

పాత గొడుగు గుడ్డలో చుట్టి తెచ్చిన పదకొండు బొమ్మలు
బల్ల మీద పరిచి
"చెయ్యి తుడుచుకోని ముట్టుకో అబ్బయ్యా,
ఇస్త్రీ బండి బొగ్గు, రాలిపోతాది" అంది.

మొదటి దాంట్లో
మ్యాన్‌హోల్ అంచు పట్టుకుని పైకొస్తున్నాడొకడు.
దిగినప్పుడు మనిషే అయ్యుంటాడు.
వచ్చేసరికి పందికొక్కు మీసాలు, పందికొక్కు పళ్ళు,
మెడలో కార్పొరేషన్ కార్డు.
కార్డులో ఫొటో మాత్రం ఇంకా నవ్వుతోంది.
"మా మేనమామ" అంది, అంతే.
నేనేమీ అడగలేదు. టేపు పరిచాను.
పద్నాలుగు బై ఇరవై.
టేకు వద్దంది, రబ్బరు చెక్క చాలంది.

ఇంకో దాంట్లో అపార్ట్‌మెంట్ లిఫ్టు.
తలుపులు మూసుకునే సందులో
సెక్రటరీగారి మెడ సాగి, సాగి, కొంగైపోయింది.
పనిమనిషి మెట్లెక్కుతోంది.
ఆమెలో ఏ మార్పూ లేదు,
తొమ్మిదో అంతస్తు దాకా
చెప్పులు చేతిలో ఉన్నాయి, అంతే.

నా తెలివి చూపించుకోబోయాను.
"అందరూ గోముఖ వ్యాఘ్రాలే కదమ్మా" అన్నాను.
ఆమె ముఖం ఎర్రబడింది.
"పులేం జేసిందిరా నీకు?
గాడిద చాకిరీ, కుక్క చావు, మొసలి కన్నీళ్ళు,
సామెతలన్నీ నోరులేనివాటి మీద
మనం బనాయించిన దొంగ కేసులు.
వాయిదాకొచ్చి ఒక్కటైనా చెప్పుకుందా?"

పదకొండోది విప్పేటప్పుడు మాత్రం
ఆమె చేతులు నెమ్మదించాయి.
పులియంతోపు కబేళా గేటు.
ఒక బర్రెగొడ్డుని మనిషిని చేస్తున్నారు.
వెనక కాళ్ళకి అప్పుడే ప్యాంటు, బెల్టు.
ముందు కాళ్ళు మాత్రం
తారులో గిట్టలు దిగేసి మొరాయిస్తున్నాయి.
చెవికి పచ్చటి ట్యాగు. దాని మీద అంకెల్లేవు.
"మరిచిపోయావా అమ్మా?"
"నెంబరేస్తే మనిషైపోతాది."

గ్యాలరీ కుర్రాడు ఆళ్వార్‌పేట నుంచి ఫోన్ చేశాడు.
మెరుపు లేని ఖరీదైన అద్దం వెయ్యమన్నాడు,
లేకపోతే చూసేవాళ్ళ మొహాలు
బొమ్మల మీద పడతాయట.
పెంచలమ్మ సాదా అద్దమే ఎయ్యమంది.
ఎందుకంటే
"అది చౌక" అంది.

మేకులూ సుత్తీ పట్టుకుని నేనూ వెళ్ళాను.
ఏసీ చలిలో ఓ మూల నిలబడి చూశాను.
జనం దగ్గరకొస్తారు, వంగుతారు,
ఒక్క క్షణం తడబడతారు,
ఆపైన పందికొక్కు పళ్ళలో
తమ జుట్టు సర్దుకుంటారు.
కొంగ మెడ ముందు నిలబడి
ఒకాయన టై సరిచేసుకున్నాడు.

నా బొమ్మ కూడా ఉందేమోనని
పదకొండూ రెండుసార్లు వెతికాను.
లేదు.
సంతోషించాల్సింది పోయి
చెవి మీది పెన్సిల్ తీసి జేబులో దాచుకున్నాను.

ఏడుగంటలకి మేనమామ కింద
ఎర్ర చుక్క అంటించారు. అమ్ముడుపోయాడు.
కొన్నాయన బిల్డరట, భోజనాల గదిలో పెట్టుకుంటాడట.
పెంచలమ్మ ఆ చుక్కని వేలితో తడిమి
"పరిహారం ఇన్నాళ్ళకొచ్చింది మామా" అంది,
నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

బర్రెని ఎవరూ కొనలేదు.
నా బిల్లులో తగ్గిన ఎనిమిది వందల కింద
నా దగ్గరే ఉంచి వెళ్ళింది.
దుకాణంలో వెంకటేశ్వరస్వామికీ
ఎవరో డబ్బు కట్టి తీసుకెళ్ళని అవ్వకీ మధ్య
వేలాడదీశాను.
సాయంత్రం ఇరవై తొమ్మిదో నంబరు బస్సు దీపాలు
అద్దం మీదుగా పోతుంటే
ముందు కాళ్ళు ఇంకొంచెం వెనక్కి తన్నినట్టుంటుంది.

"ఇదెవరండీ?" అని అడుగుతారు వచ్చినవాళ్ళు,
దేవుడో, పోయినవాళ్ళో తేల్చుకోలేక.
ఇంకా ఎవరూ కాలేదండీ,
అంటాను.
మీ కొలతలు చెప్పండి.